రోజ్‌వుడ్ కలప ఉపయోగాలు, దాని కోసం అడవికి జరుగుతున్న నష్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజ్‌వుడ్ అంటే ఒకే చెట్టు పేరా?

కాదు. చిక్కుడు కుటుంబానికి చెందిన డాల్బెర్జియా అనే ప్రజాతిలోని అనేక చెట్ల కలపకు వాడుకలో స్థిరపడిన ఉమ్మడి పేరు ఇది. ఈ ప్రజాతిలో 250కి పైగా జాతులున్నా, వాటిలో పొదలూ, పెద్ద చెట్లను అల్లుకుని పైకి పాకే తీగలూ చాలా ఉండటం వల్ల, కలపగా పనికి వచ్చేవి కొన్నే. తెలుగులో జిట్రేగి అనీ, ఇరుగుడు అనీ పిలుచుకునే చెట్టు డాల్బెర్జియా లాటిఫోలియా. బ్రెజిల్ అట్లాంటిక్ తీరపు అడవుల్లో పెరిగేది డాల్బెర్జియా నైగ్రా. థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో పెరిగేది సయామీ రోజ్‌వుడ్. మధ్య అమెరికాలో కోకోబోలో, హోండురాస్ రోజ్‌వుడ్, ఆఫ్రికాలో నల్లగా నిగనిగలాడే బ్లాక్‌వుడ్ ఈ కోవలోవే. ఒక్క మడగాస్కర్ దీవిలోనే నలభైకి పైగా డాల్బెర్జియా జాతులున్నాయి, వాటిలో దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగవు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ ప్రజాతికి చెందని చెట్ల కలపను కూడా వ్యాపారులు రోజ్‌వుడ్ అనే అమ్ముతారు. పశ్చిమ ఆఫ్రికాలోని కోసో అనే చెట్టు టెరోకార్పస్ ప్రజాతిది, మధ్య ఆఫ్రికాలోని బుబింగా గుయిబోర్షియా ప్రజాతిది. అయినా రెండూ సంతలో ఆఫ్రికా రోజ్‌వుడ్‌గానే చలామణి అవుతాయి. అందువల్ల ఈ కలప గురించి ఎవరైనా ఏదైనా చెప్పినప్పుడు, ముందుగా అడగవలసినది ఏ జాతి గురించి చెబుతున్నారన్నదే.

గులాబీకీ ఈ కలపకూ సంబంధం ఏమిటి?

వాసన మాత్రమే. కొన్ని జాతుల దుంగను అప్పుడే కోసినప్పుడు తియ్యటి గులాబీ పరిమళం వంటిది వస్తుంది. గులాబీ మొక్కకూ ఈ చెట్లకూ వృక్షశాస్త్రపరంగా ఎటువంటి చుట్టరికమూ లేదు. వీటి పువ్వులు చిన్నవిగా, తెల్లగానో లేత ఊదాగానో ఉంటాయి. కాయలు పల్చటి కాగితపు పొరలా ఉండి గాలికి ఎగిరిపోతాయి.

ఇంత గిరాకీ ఉండటానికి ఈ కలపలో ఉన్న ప్రత్యేకత ఏమిటి?

దీనిని చేతితో పట్టుకుని పని చేసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బాగా ఆరిన రోజ్‌వుడ్ చెక్కపై చిత్రిక పట్టినప్పుడు రాలే పొరలు నల్లటి ఊదా రంగులో చుట్టలు చుట్టుకుని వస్తాయి. ఆ చెక్క ముఖం మీద గోధుమ, ఊదా, నలుపు రంగుల గీతలు కలగలిసి ఉంటాయి, వాటి మధ్య సన్నటి రంధ్రాలు సూదితో పొడిచినట్లు కనిపిస్తాయి. పాలిష్ పెట్టకముందే, బొటనవేలితో గట్టిగా రుద్దితే, దానిలోని సహజమైన నూనె వల్ల ఆ చోట కొద్దిగా మెరుపు తేలుతుంది. ఆ నూనెలూ, చేవలో పేరుకున్న రసాయనాలూ చెదలనూ, శిలీంధ్రాలనూ దరి చేరనివ్వవు. తేమ మారినా చెక్క పెద్దగా ఉబ్బదు, వంకర తిరగదు.

బరువు కూడా ఎక్కువే. ఇరుగుడు కలప ఆరిన తరువాత నీటి కంటే కొంచెం తేలికగా ఉంటుంది. ఆఫ్రికా బ్లాక్‌వుడ్ మాత్రం పూర్తిగా ఆరినా నీటిలో మునిగిపోతుంది. అంత సాంద్రత ఉన్న చెక్కను తట్టినప్పుడు శబ్దం లోపలే ఇంకిపోకుండా చాలాసేపు మోగుతుంది. వాద్యాలు తయారుచేసేవారిని ఈ కలప వైపు మళ్లించినది ఈ గుణమే.

ఏయే వస్తువుల తయారీలో వాడతారు?

అన్నిటికంటే ఎక్కువ కలప పోయేది గృహోపకరణాలకే: మంచాలు, బీరువాలు, కుర్చీలు, బల్లలు, చెక్కడపు పని చేసిన తెరలు. ఖరీదైన కలపను పొదుపుగా వాడటానికి దానిని కాగితం వంటి పల్చటి పొరలుగా కోసి, చవక చెక్క మీద అతికించే వెనీర్ పద్ధతి ఉంది. ఒక్క దుంగ నుండి వచ్చే పొరలు ఎన్నో చదరపు మీటర్ల మేర కప్పగలవు కాబట్టి, పని విషయంలో ఇది చాలా వివేకమైన పద్ధతి అని నేను అనుకుంటాను.

వాద్యాల విషయానికి వస్తే, గిటార్ వెనుక పలక, పక్క పలకలు, వేళ్లతో నొక్కే ఫింగర్‌బోర్డ్, తీగలు ఆనే బ్రిడ్జ్ దీనితో చేస్తారు. చిన్న కర్రలతో కొట్టి వాయించే మరింబా, జైలోఫోన్ వాద్యాల మోగే పలకలకు హోండురాస్ రోజ్‌వుడ్‌ను మించినది లేదని వాయించేవారు చెబుతారు. క్లారినెట్, ఓబో వంటి గాలి వాద్యాలకు ఆఫ్రికా బ్లాక్‌వుడ్ వాడతారు, ఎందుకంటే ఊపిరిలోని తేమ రోజంతా తగిలినా దానిలో తొలిచిన రంధ్రపు కొలత మారదు. ఇవి కాక, చదరంగం పావులు, కత్తి పిడులు, నగల పెట్టెలు, చెక్క బొమ్మలు, చేతికర్రలు కూడా ఉన్నాయి. వీటిలో చాలావాటిని పెద్ద దుంగలు కోయగా మిగిలిన ముక్కలతోనే చేయవచ్చు.

గిటార్‌కు రోజ్‌వుడ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెనుక, పక్క పలకల కలపలో తప్ప మరే తేడా లేని ఆరు గిటార్లను చేయించి, 52 మంది వాద్యకారులకు వాటిని చూడకుండా వాయించే ఏర్పాటు చేశారు. బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్, మహోగనీ, సపేలే, వాల్‌నట్, మేపుల్ అనే ఆరు రకాల కలపలు అందులో ఉన్నాయి. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వాద్యకారులు ఆరింటికీ దాదాపు ఒకే స్థాయి మార్కులు ఇచ్చారు. ఏది ఏ కలపతో చేసినదో నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. గిటార్ శబ్దాన్ని ప్రధానంగా నిర్ణయించేది ముందు పలక, దాని లోపలి వైపు అతికించే చెక్క బద్దల అమరిక అన్నది వాద్య నిర్మాతలకు పాత సంగతే.

మరింబా విషయంలో ఇంత సులువుగా చెప్పలేము, ఎందుకంటే అక్కడ మోగేది ఆ పలకే. అయినా కృత్రిమ పదార్థాలతో చేసిన పలకలు ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఫింగర్‌బోర్డులకు పావ్ ఫెర్రో అనే దక్షిణ అమెరికా కలప, వాల్‌నట్, కాల్చి ముదురు రంగు తెప్పించిన మేపుల్, కాగితాన్ని రెసిన్‌తో కలిపి నొక్కి చేసిన పలకలు వాడుతున్నారు.

సుగంధ ద్రవ్యాలలో వాడే రోజ్‌వుడ్ నూనె ఈ చెట్ల నుండే వస్తుందా?

లేదు, అది వేరే చెట్టు. ఆ నూనె అమెజాన్ అడవుల్లో పెరిగే అనీబా రోజియోడోరా నుండి వస్తుంది. అది దాల్చినచెక్క కుటుంబానికి చెందినది. దానిలో లినలూల్ అనే సువాసన పదార్థం అధికంగా ఉంటుంది. కలపను ముక్కలు చేసి ఆవిరి పట్టి నూనె తీస్తారు కాబట్టి, సంప్రదాయ పద్ధతిలో చెట్టును పూర్తిగా నరికివేయవలసి వచ్చేది. ఆ విధంగా విపరీతంగా నరకడం వల్ల అదీ ప్రమాదంలో పడి, 2010లో అంతర్జాతీయ నియంత్రణ కిందకు వచ్చింది.

ఎర్రచందనం కూడా రోజ్‌వుడ్డేనా?

వృక్షశాస్త్రం ప్రకారం కాదు. ఎర్రచందనం టెరోకార్పస్ ప్రజాతికి చెందినది. అయితే చైనాలో హోంగ్‌ము, అంటే ఎర్ర కలప, అనే వర్గంలో డాల్బెర్జియా జాతులతో పాటు దీనిని కూడా చేర్చి, జితాన్ అనే పేరుతో అత్యున్నత స్థానం ఇచ్చారు. అందువల్ల వ్యాపార వార్తలలో రెండూ తరచుగా కలిసే కనిపిస్తాయి.

ఒక రోజ్‌వుడ్ చెట్టు కలపకు సిద్ధం కావడానికి ఎంత కాలం పడుతుంది?

జాతిని బట్టి, నేలను బట్టి మారుతుంది కానీ, ఏ జాతికైనా లెక్క దశాబ్దాలలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కొనేవారికి కావలసినది చెట్టు మొత్తం కాదు, దాని మధ్యలో ఉండే ముదురు రంగు చేవ మాత్రమే. చుట్టూ ఉండే లేత రంగు చెక్కకు ఆ రంగూ ఉండదు, చెదలను తట్టుకునే శక్తీ ఉండదు. చెట్టు చిన్నప్పుడు కాండమంతా ఆ తెల్లటి చెక్కే. వయసు పెరిగే కొద్దీ లోపలి నుండి కొద్దికొద్దిగా చేవ దేరుతుంది. ముప్పై ఏళ్ల చెట్టు చూడటానికి బాగా ఎదిగినట్లు కనిపించినా, కోసి చూస్తే చేవ పిడికెడే ఉండవచ్చు.

పెద్ద చెట్లు అయిపోయిన చోట ఇదే పెద్ద దెబ్బ. నరికేవారు చిన్న చెట్లను ఆశ్రయిస్తారు, వాటిని పడగొట్టి, బరువు తగ్గించుకోవడానికి తెల్ల చెక్కనంతా అక్కడే గొడ్డలితో చెక్కివేసి, లోపలి సన్నటి చేవను మాత్రం పట్టుకుపోతారు. ముప్పై నలభై ఏళ్ల ఎదుగుదలలో అధికభాగం చెక్కపేళ్లుగా అడవి నేల మీద మిగిలిపోతుంది.

ఒక్కొక్క చెట్టునే ఏరి నరుకుతారు కదా, అడవి మొత్తాన్ని చదును చేయడం కంటే ఇది నయం కాదా?

ఆకాశం నుండి తీసిన ఫొటోలో చూస్తే నయంగానే కనిపిస్తుంది. పచ్చదనం అలాగే ఉంటుంది, అక్కడక్కడా చిన్న ఖాళీలు మాత్రమే తెలుస్తాయి. నష్టం కనిపించాలంటే నేల మీదకు దిగి చూడాలి.

మడగాస్కర్ ఈశాన్య ప్రాంతంలో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. 2009లో అక్కడ ప్రభుత్వం కూలిపోయిన తరువాత, మసోఆలా, మరోజేజీ జాతీయ ఉద్యానాలలోకి వందల మంది కూలీలు రోజ్‌వుడ్, నల్లచేవ చెట్ల కోసం ప్రవేశించారు. కొండల మీద కొట్టిన దుంగను తాళ్లు కట్టి మనుషులే ఏటి ఒడ్డుకు ఈడ్చుకురావాలి. పచ్చి దుంగ నీటిలో మునిగిపోతుంది కాబట్టి, దానిని ఏటి మీద తేల్చి తీసుకుపోవడానికి తేలిక కలప ఉన్న వేరే చెట్లను నాలుగైదింటిని నరికి, అడవి తీగలతో కట్టి తెప్ప చేస్తారు, రోజ్‌వుడ్ దుంగను ఆ తెప్పకు బిగిస్తారు. అంటే లెక్కలోకి వచ్చే ఒక్క చెట్టు వెనుక, ఏ లెక్కలోకీ రాని మరికొన్ని చెట్లు ఉంటాయి. ఏరు దాటిన తరువాత ఆ తెప్పలకు పని లేదు. దుంగలు ఈడ్చిన దారులు వర్షాకాలంలో కోతపడి మట్టి ఏట్లో కలుస్తుంది. పడిన పెద్ద చెట్టు తన చుట్టూ ఉన్నవాటినీ విరుచుకుని పడుతుంది. ఆ ఖాళీలోకి ఎండ దిగితే, ఎండను ఆశించే తీగలు, పొదలు అల్లుకుని, నీడలో పెరగవలసిన లేత మొక్కలను అణచివేస్తాయి.

అడవిలో వారాల తరబడి మకాం వేసిన కూలీలకు తిండి కావాలి. వారు ఉచ్చులు పెట్టి, కోతులను పోలిన లెమూర్లు అనే జంతువులను వేటాడారు. మరోజేజీలో ఉండే సిల్కీ సిఫాకా అనే తెల్లటి లెమూర్, మసోఆలాలో ఉండే ఎర్ర రఫ్డ్ లెమూర్ మరే దేశంలోనూ లేని జంతువులు, సంఖ్యలోనూ అతి తక్కువ. ఈ ఉద్యానాలు భాగంగా ఉన్న అత్సినానానా వర్షారణ్యాలను యునెస్కో 2010లో ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ జాబితా నుండి అవి బయటపడటానికి 2025 వరకు పట్టింది.

ఇంకొక నష్టం కొన్ని తరాల తరువాత గాని బయటపడదు. నరికేవారు ఎప్పుడూ ఎన్నుకునేది అతి పెద్ద, నిటారైన చెట్లనే. విత్తనం ఎక్కువగా ఇచ్చేవీ అవే. అవి పోయిన తరువాత, మిగిలిన కొద్ది చెట్లు దూర దూరంగా ఉండి, వాటి మధ్య పరాగం మోసే తేనెటీగలకు దారి దొరకదు. కాయలు తగ్గుతాయి, మొలిచే మొక్కలలో జన్యు వైవిధ్యం సన్నగిల్లుతుంది. చాలా డాల్బెర్జియా జాతులు వేరు బుడిపెలలోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు అందించేవి కూడా కనుక, వాటిని కోల్పోయిన నేల కొంత సారాన్నీ కోల్పోతుంది.

ఈ గిరాకీ ప్రధానంగా ఎక్కడి నుండి వస్తోంది?

పరిమాణం దృష్ట్యా చూస్తే చైనాలోని హోంగ్‌ము గృహోపకరణాల మార్కెట్టే అన్నిటికంటే పెద్దది. మింగ్, చింగ్ రాజవంశాల కాలంలో ఆస్థానాల కోసం చేసిన ఎర్ర కలప కుర్చీలు, బల్లలు ఆ దేశపు కళా వారసత్వంలో నిజంగానే గొప్ప భాగం. 2000లో వెలువడిన జాతీయ ప్రమాణం 33 జాతులను హోంగ్‌ముగా గుర్తించింది; 2017లో దానిని సవరించి 29కి తగ్గించారు. ఆదాయం పెరిగిన కొద్దీ ఈ వస్తువులు దాచుకునే ఆస్తిగా, పెట్టుబడిగా మారాయి. అడవికి దీనిలో ఉన్న అపాయం ఏమిటంటే, పెట్టుబడిగా కొనేవారు వస్తువు అరుదవుతున్నదని తెలిస్తే వెనుకకు తగ్గరు, ఇంకా ముందుకు వస్తారు.

అందువల్ల ఈ వ్యాపారం ఒక దేశంలో మొదలై ఆగిపోయేది కాదు. చైనాలోని హైనాన్ దీవిలో పెరిగే సువాసన రోజ్‌వుడ్ పెద్ద చెట్లు అడవిలో దాదాపు కరువైన తరువాత చూపు ఆగ్నేయాసియాలోని సయామీ రోజ్‌వుడ్ మీద పడింది. దానిపై ఆంక్షలు బిగిసే కొద్దీ మడగాస్కర్, మధ్య అమెరికా, ఆ తరువాత పశ్చిమ ఆఫ్రికా కోసో వంతు వచ్చింది. నైజీరియా నుండి కొద్ది సంవత్సరాలలోనే భారీగా కోసో దుంగలు ఓడలెక్కాయి, చివరకు 2018లో అంతర్జాతీయంగా ఆ దేశం నుండి ఈ కలప వ్యాపారాన్ని నిలిపివేయమని సిఫారసు చేయవలసి వచ్చింది. ప్రతి కొత్త ప్రాంతంలోనూ నియమాలు అమలయ్యే వేళకు పెద్ద చెట్లు అప్పటికే ఓడరేవు దాటి ఉన్నాయి. ఐరోపా, అమెరికాల వారు ఈ విషయంలో వేలెత్తి చూపేటప్పుడు గుర్తుంచుకోవలసినది కూడా ఉంది: బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అంతరించే ప్రమాదంలోకి నెట్టినది ప్రధానంగా వారి పియానోలు, గిటార్లు, వెనీర్ బల్లలే.

అక్రమ వ్యాపారం ఎంత పెద్దది?

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల నిరోధక కార్యాలయం 2016లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2005 నుండి 2014 వరకు ప్రపంచమంతటా పట్టుబడిన అక్రమ వన్యజీవ, వృక్ష సంపద విలువలో సుమారు 35 శాతం ఒక్క రోజ్‌వుడ్‌దే. ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, పులి చర్మం అన్నీ దాని తరువాతే వస్తాయి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు నమ్మశక్యం కాలేదు. ఏనుగు చనిపోతే ప్రపంచం చూసినట్లు, చెట్టు పడితే చూడదు.

పట్టుకోవడం వేరు, శిక్ష పడటం వేరు. 2014లో సింగపూర్ అధికారులు మడగాస్కర్ నుండి వచ్చిన దాదాపు 30 వేల రోజ్‌వుడ్ దుంగలను పట్టుకున్నారు. ఆ సరుకు సింగపూర్‌లోకి దిగుమతి అయినట్లా, లేక దారిలో ఆగినట్లా అన్న ప్రశ్న చుట్టూ కేసు ఏళ్ల తరబడి సాగి, చివరకు 2019లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది.

అడవి అంచున ఉన్న ప్రజలకైనా ఈ వ్యాపారం వల్ల లాభం కలుగుతుందా?

నరికి, ఈడ్చి, తెప్ప కట్టే కూలీకి దక్కేది రోజు కూలి. చివరి వెలలో అధికభాగం మధ్యవర్తులకూ, ఎగుమతిదారులకూ, తయారీదారులకూ పోతుంది. ప్రమాదం మాత్రం కూలీదే. థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దు అడవులలో సయామీ రోజ్‌వుడ్ కోసం వచ్చినవారికీ, అటవీ సిబ్బందికీ మధ్య కాల్పులు జరిగి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. దుంగలు అయిపోయిన తరువాత ఆ పని కూడా ఉండదు, అప్పటికి తేనె, మందుమొక్కలు, వేసవిలో పారే ఏరు వంటి ఆ ఊరి ఆధారాలు కూడా దెబ్బతిని ఉంటాయి.

అంతర్జాతీయ నియమాలు ఏమంటున్నాయి?

అంతరించే ప్రమాదం ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం దీనికి ఆధారం. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుండి దాని మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి నుండి తీసిన ఆ కలప అంతర్జాతీయ వాణిజ్యం దాదాపుగా నిషిద్ధం. 2013లో సయామీ రోజ్‌వుడ్, కోకోబోలో, మడగాస్కర్ జాతులు రెండో అనుబంధంలోకి వచ్చాయి. ఈ అనుబంధంలో వ్యాపారం నిషిద్ధం కాదు గాని, అనుమతి పత్రం తప్పనిసరి. ఒక జాతిని చేర్చితే వ్యాపారులు దానికి మరో జాతి పేరు పెట్టి పంపడం మొదలుపెట్టారు. చెక్కగా కోసిన తరువాత జాతిని గుర్తించడం సుంకాల అధికారులకు సాధ్యం కాదు కాబట్టి, 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశం, మొదటి అనుబంధంలోనే ఉన్న బ్రెజిల్ జాతి తప్ప, డాల్బెర్జియా ప్రజాతిని మొత్తంగా రెండో అనుబంధంలో చేర్చింది. ఈ నిర్ణయం 2017 జనవరి 2 నుండి అమలులోకి వచ్చింది. నా దృష్టిలో ఈ విషయంలో తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఆలోచించి చేసినది ఇదే, ఎందుకంటే అది పేరు మార్చే అవకాశాన్ని మూసివేసింది. 2022లో పనామాలో జరిగిన సమావేశం ఆఫ్రికా టెరోకార్పస్ జాతులన్నిటినీ ఇదే విధంగా చేర్చింది.

నా గిటార్ ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్. విదేశానికి తీసుకువెళ్లవచ్చా?

2017 నాటి నియమం సంగీతకారులను చాలా ఇబ్బంది పెట్టిన మాట నిజం. అందుకే 2019 నవంబరు 26 నుండి, రెండో అనుబంధంలోని డాల్బెర్జియాతో తయారైన సంపూర్ణ వాద్యాలకు, వాటి విడిభాగాలకు, ఉపకరణాలకు అనుమతి పత్రం అవసరం లేకుండా మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసిన వాద్యానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. 1992కు ముందు చేసినదైనా దానికి పత్రాలు ఉండాలి, సరిహద్దులు తరచుగా దాటేవారికి సంగీత వాద్య ధ్రువపత్రం అనే సదుపాయం ఉంది. కొన్ని దేశాలు సైటిస్ కంటే కఠినమైన సొంత నియమాలు పెట్టుకున్నాయి కాబట్టి, బయలుదేరే ముందు రెండు దేశాల సంబంధిత అధికారులను అడిగి తెలుసుకోవడం మంచిది.

చూసి ఏ జాతి రోజ్‌వుడ్డో గుర్తుపట్టవచ్చా?

అనుభవం ఉన్న వడ్రంగి కూడా రోజ్‌వుడ్ అని చెప్పగలడు గాని, ఏ జాతి అని చెప్పలేడు. రంగు వయసుతోనూ ఎండతోనూ మారుతుంది, ఎర్ర రంగు వేసిన చవక కలపలు చాలా ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద చెక్క కణాల అమరిక చూస్తే సాధారణంగా ప్రజాతి వరకు తెలుస్తుంది; జాతి తేల్చాలంటే చిన్న ముక్కలోని రసాయనాల పోలికను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూడాలి, లేదా జన్యు పరీక్ష చేయాలి.

అడవిని ముట్టకుండా తోటల్లో పెంచుకోలేమా?

కొంతవరకు పెంచుతున్నారు. ఇరుగుడు చెట్టు వేరు నుండి పిలకలు వేస్తుంది, నరికిన మోడు నుండి మళ్లీ చిగురిస్తుంది, కాఫీ తోటలలో నీడ చెట్టుగా ఇముడుతుంది. ఇండోనేసియాలోని జావా దీవిలో ఇదే జాతిని సోనోకెలింగ్ పేరుతో పెంచుతున్నారు. ఇప్పుడు గిటార్ల తయారీకి వెళ్లే రోజ్‌వుడ్‌లో ఇటువంటి తోటల కలప చాలా ఉంది. అయితే, తోట అనేది అడవికి బదులు కాదు. ఒకే జాతి చెట్లను వరుసగా నాటిన చోట సిఫాకాలు ఉండవు. మొదటి ముప్పై ఏళ్లు ఆదాయం లేకుండా ఎదురుచూడగలిగేవారు కూడా తక్కువే.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది టాంజానియాలోని కిల్వా ప్రాంతపు అనుభవం. అక్కడి గ్రామాలు తమ అడవి మీద చట్టబద్ధమైన హక్కు సంపాదించుకుని, ఏ ఏడు ఎన్ని బ్లాక్‌వుడ్ చెట్లు కొట్టాలో తామే లెక్క కట్టుకుని, అడవిని బాధ్యతగా నిర్వహిస్తున్నారని తెలిపే అంతర్జాతీయ ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణను 2009లో పొందాయి. చెట్టు ఎవరిదో తేలనప్పుడు అది మొదట వచ్చినవాడిదవుతుంది. తమదని తెలిసిన ఊరివారు దానిని కాపు కాస్తారు, చిన్న చెట్లను కాల్చివేసే ఎండాకాలపు మంటలను ఆర్పుతారు.

ఈ కలపతో పని చేసేవారి ఆరోగ్యానికి హాని ఉందా?

ఉంది. ఈ కలపలో ఉండే డాల్బెర్జియోన్లు అనే పదార్థాల వల్ల కొందరికి చర్మంపై దద్దుర్లు, దురద వస్తాయి, పొట్టు పీల్చితే ఆయాసం రావచ్చు. ఒకసారి పడనితనం మొదలైతే తరువాత కొద్దిపాటి పొట్టు తగిలినా తిరగబెడుతుంది. ముక్కుకు మాస్కు, పొట్టును లాగే ఏర్పాటు, పని ముగియగానే చేతులు కడుక్కోవడం అవసరం.

కొత్తగా రోజ్‌వుడ్ వస్తువు కొనేటప్పుడు ఏమి అడగాలి?

జాతి శాస్త్రీయ నామం, కలప ఏ దేశంలో, అడవిలో పెరిగినదా తోటలో పెరిగినదా, దానికి పత్రం ఉందా అన్న సంగతులు అడగండి. ఈ ప్రశ్నలకు తడబడే అమ్మకందారు దగ్గర కొనవద్దు. మడగాస్కర్ రోజ్‌వుడ్ అని గొప్పగా చెప్పి కొత్త సరుకు చూపిస్తే, ఆ దేశం నుండి ఈ కలప ఎగుమతికి 2013 నుండి అనుమతే లేదని గుర్తుంచుకోండి. ఆకారం, దృఢత్వం మాత్రమే కావలసినవారు టేకు, వాల్‌నట్ వంటి కలపలను, లేదా చవక చెక్క మీద వెనీర్ వేసిన వస్తువును తీసుకుంటే, అదే అవసరం తీరుతుంది.

మా ఇంట్లో పాతబడిన రోజ్‌వుడ్ మంచం ఉంది. దానిని ఏమి చేయడం మంచిది?

పారవేయవద్దు, కట్టెల కింద అసలే వాడవద్దు. దానిలోని చేవ ఇంకా అలాగే ఉంటుంది. అతుకులు సడలడం, కాళ్లు కదలడం వంటివి వడ్రంగి పనితో సరిపోతాయి. మంచంగా పనికి రాకపోతే, పట్టెల నుండి పెట్టెలు, ఫింగర్‌బోర్డులు, కత్తి పిడులు తీయవచ్చు. వాద్యాలు చేసేవారు బాగా ఆరిన పాత చెక్కను కొత్తదాని కంటే ఇష్టంగా తీసుకుంటారు. విప్పేటప్పుడు ముందుగా మేకులన్నీ తీసివేయండి, ఎందుకంటే ఈ చెక్కలో దాగిన ఒక్క మేకు తగిలినా రంపపు పళ్లు విరిగిపోతాయి. వస్తువు ఎప్పుడు, ఎవరు చేయించినదో తెలిసిన వివరాలు రాసి, పాత రసీదు ఉంటే దానితో కలిపి దాచండి. తరువాత అది దేశం దాటవలసి వస్తే, నియమాలకు ముందు నాటిదని చూపడానికి ఆ కాగితమే పనికి వస్తుంది.